గాలం వేయడానికి నీళ్లలోకి దిగేవాళ్లకు వేడర్స్: ఎంపిక నుంచి మరమ్మతు వరకు

వేడర్స్ అంటే నీళ్లలో నిలబడి గాలం వేసేటప్పుడు ఒళ్లు తడవకుండా పాదాల నుంచి తొడ, నడుము లేదా ఛాతీ దాకా వేసుకునే నీరు చొరని తొడుగు. "ఏ రకం వేడర్స్ ఎక్కువ కాలం మన్నుతాయి?" అని తరచూ అడుగుతున్నారు. పోయినసారి కొన్నవి ఒక్క సీజన్‌కే కారిపోయాయని, ఈసారి ఇంకా మందమైన బట్ట తీసుకుంటామని చెబుతున్నారు. మందం పెంచినంత మాత్రాన ఈ ఇబ్బంది తీరదు. వేడర్స్ ఎక్కువగా మూడు చోట్ల పాడవుతాయి: రెండు కాళ్లూ కలిసే చోట, మోకాళ్ల లోపలి వైపు, పాదం దగ్గరి అతుకులో. ఈ మూడూ కొలత సరిగా లేనప్పుడు ముందుగా దెబ్బతినే చోట్లు.

నా మొదటి జత ఎత్తు చూసి మాత్రమే కొన్నాను. ఒడ్డున రాయి ఎక్కిన ప్రతిసారీ కాళ్ల మధ్య బట్ట బిగుసుకునేది. కొన్నాళ్లకు సరిగ్గా అక్కడే కుట్టు విడిపోయింది. బట్ట మాత్రం కొత్తదానిలాగే ఉంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు కొలతలకే ఇచ్చాను.

## 1. కొనేముందు ఇవి కాగితం మీద రాసుకోండి

దుకాణానికి వెళ్లాక ఆలోచిస్తే చేతికి దొరికిందే నచ్చుతుంది. ముందే రాసుకోండి.

- మీరు దిగే నీళ్లు ఎంత చల్లగా ఉంటాయి? ఏడాదిలో ఏ నెలల్లో వెళ్తారు?
- ఎంత లోతు వరకు దిగుతారు? మోకాలు, తొడ, నడుము?
- ఒకే చోట నిలబడతారా, లేక ఏటి వెంట నడుస్తూ చోట్లు మారుస్తారా?
- దారి ఎలా ఉంటుంది? ముళ్లపొదలు, పదునైన రాళ్లు ఉంటాయా, లేక మెత్తటి గట్టా?
- అడుగు ఎలాంటిది? ఇసుకా, బురదా, పాచి పట్టిన గుండ్రాళ్లా?
- ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తారు?

అన్నిటికంటే ముఖ్యమైంది మూడో ప్రశ్న. నడిచే మనిషికి ఒంట్లో వేడి పుడుతుంది, నిలబడే మనిషికి ఒళ్లు చల్లబడుతుంది. ఒకరికి హాయిగా ఉన్న వేడర్స్ ఇంకొకరికి నరకంలా అనిపించేది అందుకే.

## 2. ఎత్తు: తొడ, నడుము, ఛాతీ

తొడ వరకు వచ్చేవి మోకాలి లోతు నీళ్లకు సరిపోతాయి. తేలికగా ఉంటాయి, తొడుక్కోవడం సులువు. నడుము వరకు వచ్చేవి ప్యాంటులాగే ఉంటాయి, వేడి రోజుల్లో సుఖం.

ఒక్కటే జత కొనేవాళ్లు ఛాతీ వరకు వచ్చేవి తీసుకోండి. వేడిగా ఉన్నప్పుడు పైభాగాన్ని నడుము దాకా మడిచి బెల్టు బిగించుకోవచ్చు. తొడ వరకు ఉన్నదాన్ని మాత్రం పైకి లాగి పొడవు చేయలేం. అయితే ఛాతీ వరకు ఉన్నాయి కదా అని ఛాతీ లోతుకు దిగకండి. వడి ఉన్న నీళ్లలో తొడ లోతే మనిషిని తోసేయగలదు.

## 3. బట్ట: నాలుగు రకాలు

పీవీసీ పూత ఉన్న నైలాన్. చవక, తేలిక, కడగడం సులువు. గాలి ఆడదు కాబట్టి లోపల చెమట పడుతుంది. చలికి బిరుసెక్కుతుంది, ఎప్పుడూ మడిచే చోట పూత చిట్లుతుంది. ఏడాదికి మూడు నాలుగుసార్లు, కాసేపు దిగేవాళ్లకు ఇది చాలు.

రబ్బరు. బరువెక్కువ, గట్టిదనం కూడా ఎక్కువే. ముళ్లకు బాగా తట్టుకుంటుంది. చిన్న చిల్లు పడితే సైకిల్ ట్యూబుకు వేసినట్టే ప్యాచ్ వేసుకోవచ్చు. కానీ ఎండ తగిలేచోట పెడితే రెండేళ్లు వాడకపోయినా పగుళ్లు వస్తాయి.

నియోప్రీన్. లోపల మూసుకుపోయిన గాలి బుడగలున్న మెత్తటి రబ్బరు నురగ ఇది. ఆ బుడగలే వెచ్చదనాన్ని పట్టి ఉంచుతాయి. సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందంలో దొరుకుతుంది. ఒంటికి సాగుతుంది, చల్లటి నీళ్లలో గంటల తరబడి కదలకుండా నిలబడేవాళ్లకు దీన్ని మించింది లేదు. రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లేవాళ్లకు మాత్రం వద్దు, నీళ్ల దగ్గరికి చేరేలోపే లోపల తడిసిపోతారు.

గాలి ఆడే రకం. నైలాన్ లేదా పాలిస్టర్ బట్టకు ఒక పలుచటి పొర అంటించి చేస్తారు. ఆ పొర నీటి చుక్కను లోపలికి రానివ్వదు, చెమట ఆవిరిని బయటికి వదులుతుంది. గోర్‌టెక్స్ అలాంటి పొరల్లో బాగా తెలిసిన పేరు. దీనికి సొంత వెచ్చదనం ఏమీ ఉండదు. లోపల వేసుకునే బట్టలతోనే వెచ్చదనం, అందుకే చలికాలం, ఎండాకాలం ఒకే జత నడుస్తుంది. ఏటి వెంట నడుస్తూ గాలం వేసేవాళ్లకు నా సలహా ఇదే.

ఈ రకంలో "3 పొరలు", "4 పొరలు", "5 పొరలు" అని రాసి ఉంటుంది. పొరలు పెరిగేకొద్దీ గట్టిదనం, బరువు పెరుగుతాయి, ఆవిరి బయటికి పోవడం తగ్గుతుంది. చాలా మంచి జతల్లో కాళ్లకు ఎక్కువ పొరలు, ఛాతీకి తక్కువ పొరలు ఉంటాయి. రాళ్లు, ముళ్లు తగిలేది కాళ్లకే కాబట్టి అది తెలివైన అమరిక.

"డినియర్" అనే అంకె కూడా కనిపిస్తుంది. అది దారం మందానికి కొలత: 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డినియర్లు. అంకె పెద్దదైతే దారం లావు. కానీ అది బట్ట గురించే చెబుతుంది, కుట్టు గురించి ఏమీ చెప్పదు. ఆ అంకె ఒక్కటే చూసి మోసపోకండి.

## 4. పాదం: బూటు కలిసినదా, సాక్సు రకమా

బూటు కలిసిన రకంలో వేడర్స్, బూట్లు ఒకటే ముక్క. చకచకా తొడుక్కోవచ్చు. బురదకు, ఇసుకకు, చలికి మంచివి. కానీ చీలమండకు పట్టు ఉండదు, పాదం లోపల జారుతుంది. బూటు పాడైతే మొత్తం జత పోయినట్టే.

సాక్సు రకంలో కాళ్ల చివర నియోప్రీన్ సాక్సు ఉంటుంది, దాని మీద విడిగా బూటు వేసుకుంటారు. రాళ్ల మీద నడవడానికి ఇదే సరైనది. చీలమండ బిగుతుగా ఉంటుంది, అడుగు ఎక్కడ పడుతోందో తెలుస్తుంది, బూట్లు అరిగితే బూట్లే మార్చుకోవచ్చు.

బూటు సైజులో చాలామంది తప్పు చేస్తారు. నియోప్రీన్ సాక్సు 3, 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, లోపల మీ మేజోడు ఉంటుంది. కొన్ని కంపెనీలు ఈ మందాన్ని లెక్కలోకి తీసుకునే సైజు వేస్తాయి, కొన్ని వేయవు. కాబట్టి కంపెనీ సైజు పట్టిక చూడకుండా "ఒక సైజు పెద్దది" అని కొనకండి. వీలైతే వేడర్స్ తొడుక్కునే బూటు వేసి చూడండి. వేళ్లు లోపల కదలాలి. బూటు బిగుతైతే రక్తప్రసారం తగ్గి, ఎన్ని మేజోళ్లు వేసినా పాదాలు చల్లబడతాయి.

అడుగు అట్ట విషయం:

- రబ్బరు అట్ట: దారిలో, బురదలో మంచి పట్టు. పాచి రాళ్ల మీద జారుతుంది.
- రబ్బరు మీద లోహపు మేకులు: పాచి రాళ్లకు మంచి పట్టు. పడవలోకి, ఇంట్లోకి మాత్రం వీటితో వెళ్లకండి.
- ఫెల్ట్ (నొక్కి చేసిన మందపాటి ఉన్నిలాంటి అట్ట): తడి రాళ్ల మీద బాగా పట్టేస్తుంది. కానీ ఆరడానికి చాలా సమయం పడుతుంది, ఒక నీటిలోని సూక్ష్మజీవులను ఇంకో నీటికి మోసుకెళ్తుంది. డిడిమో అనే పాచి వ్యాపిస్తోందని న్యూజీలాండ్ 2008లో ఫెల్ట్ అట్టలను నిషేధించింది. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులోనూ 2018 నుంచి నిషేధం ఉంది. మీరు వెళ్లే చోట నియమం ఏమిటో కనుక్కున్నాకే కొనండి.

## 5. కొలతలు తీసుకోవడం

ఇక్కడ అరగంట వెచ్చించండి. టేపు, పెన్ను, సాయానికి ఒక మనిషి ఉండాలి. నీళ్లలోకి దిగేటప్పుడు వేసుకునే బట్టలన్నీ వేసుకునే కొలవండి. పలుచటి చొక్కా మీద కొలిచి, చలికాలంలో రెండు పొరలు వేసుకుంటే లెక్క తప్పుతుంది.

ముందు, కాలి లోపలి పొడవు. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకంటా ఆనించి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవండి. ప్యాంటు సైజు అంకెను ఇక్కడ వాడకండి. ప్యాంటు చీలమండ దగ్గర ఆగుతుంది, వేడర్స్ పాదం కింది దాకా వెళ్తాయి.

తర్వాత, చుట్టుకొలత. ఛాతీ, పొట్ట, తుంటి మూడూ కొలిచి అన్నిటికంటే పెద్దది రాసుకోండి. చాలామంది ఛాతీ మాత్రమే రాస్తారు. పొట్ట పెద్దదైనప్పుడు కూర్చోగానే బిగుసుకునేది అక్కడే.

పాదం. సాయంత్రం కొలవండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని తీసుకోండి.

పిక్క చుట్టుకొలత. నియోప్రీన్, రబ్బరు రకాలకు ఇది తప్పనిసరి. పిక్క బిగుతైతే తొడుక్కునేటప్పుడే గుంజి గుంజి కుట్టు పాడుచేస్తారు.

ఎత్తు చివరిది. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, ఒకరికి మొండెం పొడవు ఉంటాయి. పట్టికలో ఎత్తు ఒక సైజు, కాలి పొడవు ఇంకో సైజు చూపిస్తే కాలి పొడవునే నమ్మండి. ఛాతీ దగ్గరి తేడాను భుజాల పట్టీలు సర్దుతాయి, కాళ్ల దగ్గరి తేడాను ఏదీ సర్దలేదు.

కాలు పొట్టిదైతే వంగిన ప్రతిసారీ భారమంతా కాళ్ల మధ్య కుట్టు మీద పడుతుంది. మరీ పొడవైతే మోకాళ్ల వెనక, చీలమండల దగ్గర మడతలు పడి, ఒకదాన్నొకటి రాసుకుని అరిగిపోతాయి. రెండు సైజుల మధ్య పడితే పెద్దది తీసుకోండి, కానీ ఒక్క సైజుకు మించి పెరగకండి. అదే కంపెనీలో "పొట్టి", "పొడవు", "వెడల్పు" రకాలుంటే అవి చూడండి. మామూలు సైజులో ఒకటి పెంచడం కంటే అది మేలు.

## 6. తొడుక్కుని చేయాల్సిన పరీక్ష

లోపలి బట్టలు వేసుకుని, పట్టీలు బిగించి, ఒక్కొక్కటీ చేయండి. అద్దం ముందు నిలబడి చూస్తే ఏమీ తెలియదు.

- [ ] గొంతుక్కూర్చోండి. కాళ్ల మధ్య, మోకాళ్ల మీద బట్ట గుంజకూడదు.
- [ ] ఒక పాదం కుర్చీ మీద పెట్టి ముందుకు వాలండి. రాయి ఎక్కేటప్పటి భంగిమ ఇది. రెండో కాలితోనూ చేయండి.
- [ ] బారుగా అడుగు వేసి మోకాలు వంచండి. వెనక కాలి మడమను సాక్సు పైకి లాగకూడదు.
- [ ] రెండు చేతులూ పైకెత్తండి, గాలం విసిరినట్టు చేయి ఊపండి. పట్టీలు భుజాలను కోయకూడదు.
- [ ] కుర్చీలో రెండు నిమిషాలు కూర్చోండి. పొట్ట దగ్గర ఊపిరి సులువుగా ఆడాలి.
- [ ] సాక్సులో పాదం చూడండి. మడత పడితే బొబ్బ వస్తుంది, వేళ్లు చివరకు గుచ్చుకుంటే అతుకు తెగుతుంది.
- [ ] బకిల్స్ ఒంటి చేత్తో, చూడకుండా విప్పండి. రాకపోతే వేరే జత చూడండి.

గొంతుక్కూర్చోవడం, కుర్చీ మీద పాదం: ఈ రెండింటిలో ఒక్కటి తప్పినా ఆ సైజు వద్దు. "వాడగా వాడగా సాగుతుంది" అని అమ్మేవాళ్లు చెబుతారు. నియోప్రీన్ కొంచెం సాగుతుంది. మిగతావి సాగవు, చిరుగుతాయి.

## 7. కుట్లు, జిప్పు, చిన్న భాగాలు

జతను లోపలి వైపుకి తిప్పండి. ప్రతి కుట్టు మీదా టేపు అంటించి ఉండాలి. టేపు అంచులు గోటితో మెల్లగా తడిమి చూడండి. ఎక్కడైనా లేస్తుంటే, బుడగలుంటే, వంకర పోయుంటే తీసుకోకండి.

కాలి కుట్టు ఎక్కడుందో చూడండి. తొడల లోపలి వైపు మధ్యలో ఉంటే నడిచిన ప్రతి అడుగుకీ రాసుకుంటుంది. ముందుకో వెనక్కో జరిపి కుట్టినవి ఎక్కువ కాలం నిలుస్తాయి. కాళ్లు కలిసే చోట నాలుగు కుట్లు ఒకే బిందువులో కలిస్తే అది బలహీనత. అక్కడ అదనపు ముక్క వేసి ఉంటే మంచిది.

మోకాళ్లకు రెండో పొర ఉందా? మోకాలి దగ్గర బట్ట వంపుగా కత్తిరించి ఉందా? బూట్లలోకి కంకర వెళ్లకుండా కాలి కింద కప్పు ఉందా? కంకర బూటులోకి పోతే నియోప్రీన్ సాక్సును రాసి రాసి అరగదీస్తుంది.

ముందు జిప్పు సౌకర్యమే, ముఖ్యంగా మూత్రానికి వెళ్లాల్సి వచ్చినప్పుడు. ఆడవాళ్లు వాళ్ల కోసమే కత్తిరించిన జతలు చూడటం మంచిది, తుంటి, కాళ్ల కొలతలు వేరుగా ఉంటాయి. అయితే జిప్పు అంటే శుభ్రం చేసి, తగిన కందెన రాస్తూ చూసుకోవాల్సిన అదనపు భాగం. ఆ ఓపిక లేనివాళ్లు జిప్పు లేనిదే కొనండి.

## 8. లోపల ఏం వేసుకోవాలి

నూలు బట్టలు వద్దు, జీన్స్ అసలే వద్దు. నూలు చెమటను పీల్చి ఒంటికి అంటిపెట్టుకుంటుంది, తర్వాత చల్లబడుతుంది. గాలి ఆడే వేడర్స్ కొని లోపల జీన్స్ వేసుకుంటే ఆ పొరకు పెట్టిన డబ్బంతా వృథా.

ఒంటికి తగిలేది పలుచటి పాలిస్టర్ లేదా మెరినో ఉన్ని. చలి ఉంటే దాని మీద ఫ్లీస్ (మెత్తటి నూగున్న వెచ్చటి బట్ట). మేజోళ్లు పొడవైనవి వేసి, ప్యాంటు అంచును వాటిలోకి దోపండి. లేకపోతే తొడుక్కునేటప్పుడు ప్యాంటు మోకాళ్ల దాకా ఎక్కి, రోజంతా అక్కడే ముద్దగా ఉంటుంది.

## 9. తొడుక్కునే క్రమం, నీళ్లలోకి దిగే క్రమం

1. జేబుల్లో తాళాలు, పెన్నుల్లాంటివి తీసేయండి. కాలి గోళ్లు ముందే కత్తిరించుకోండి.
2. కింద చాప లేదా రబ్బరు మ్యాట్ వేసి దాని మీద నిలబడండి. సాక్సు రకంతో కంకర మీద ఒక్క అడుగు వేసినా చిల్లు పడవచ్చు.
3. నడుము దగ్గర పట్టుకుని లాగకుండా, కాలి బట్టను కొంచెం కొంచెంగా పైకి జరపండి.
4. బూట్లు కట్టి, కంకర కప్పును కొక్కేనికి తగిలించండి.
5. గొంతుక్కూర్చుని లేవండి, బట్ట సర్దుకుంటుంది. ఆ తర్వాతే పట్టీలు బిగించండి.
6. బెల్టు బిగించండి. నీళ్లు మోకాలి లోతే అయినా సరే.

బెల్టు గురించి ఇంకొక మాట. పడిపోతే నీళ్లు గబగబా కాళ్లలోకి దిగకుండా ఆపేది అదే. వేడర్స్ నిండితే మనిషిని కిందికి లాగేస్తాయని భయపడతారు. నీళ్లలో ఉన్నంతసేపు లోపలి నీళ్లకు అదనపు బరువు ఉండదు. ఒడ్డు ఎక్కబోయినప్పుడు, వడిలో కాళ్లు కదపబోయినప్పుడు ఆ బరువు తెలుస్తుంది. అందుకే బెల్టుతో పాటు లైఫ్ జాకెట్ కూడా వేసుకోండి, ఒంటరిగా వెళ్లకండి.

ప్రవాహంలో ఎగువకు ముఖం తిప్పి, కర్ర ఆనించి, పక్కకు చిన్న అడుగులు వేయండి. పడితే వెల్లకిలా తేలుతూ, పాదాలు దిగువ వైపు పైకి ఉంచి, చేతులతో ఒడ్డు వైపు ఈదండి. వడిలో నిలబడే ప్రయత్నం చేయకండి, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది.

## 10. ఇంటికి వచ్చాక

ఎంత అలసటగా ఉన్నా ఇది వాయిదా వేయకండి. తడిగా చుట్టి సంచిలో కుక్కితే నాలుగు రోజుల్లో బూజు వాసన వస్తుంది, టేపు జిగురు వదలడం మొదలవుతుంది.

- [ ] బురద, పాచి, గింజలు అన్నీ దులిపి, మంచినీళ్లతో కడగండి. ఉప్పునీళ్లలో దిగితే జిప్పు, బకిల్స్ రెండుసార్లు.
- [ ] ముందు లోపలి వైపుకి తిప్పి నీడలో ఆరేయండి. తర్వాత బయటి వైపు.
- [ ] బూట్లు లేసులు వదులు చేసి విడిగా ఆరబెట్టండి.
- [ ] పూర్తిగా ఆరాకే ఇంకో ఏటికి తీసుకెళ్లండి.
- [ ] వేలాడదీసి దాచండి. ఎండ, పొయ్యి వేడి, కరెంటు మోటార్లు ఉండే చోట వద్దు. మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరును పగులగొడుతుంది.

గాలి ఆడే రకంలో బయటి బట్ట మీద నీళ్లు ముత్యాల్లా జారాలి. జారకుండా బట్ట నానుతుంటే ఆవిరి బయటికి పోదు, లోపల తడి చేరుతుంది. ఇలాంటి బట్టల కోసమే అమ్మే సబ్బుతో కడిగి, లేబుల్ ఒప్పుకుంటే తక్కువ వేడి ఇవ్వండి. అప్పటికీ జారకపోతే నీరు జారే పూత స్ప్రే చేయండి. బ్లీచ్, బట్టలు మెత్తబడే ద్రావణం వాడకండి.

## 11. లోపల తడిగా ఉంది: చెమటా, చిల్లా?

చాలామంది చెమటను చూసి చిల్లు అనుకుని టెన్షన్ పడతారు. కాళ్లంతా సమానంగా చెమ్మగా ఉంటే చెమట. ఒకే చోట మరక, లేదా ఒక్క మేజోడే పిండేంత తడిగా ఉంటే చిల్లు.

గాలి ఆడే రకానికి: లోపలి వైపుకి తిప్పి, అనుమానం ఉన్న చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లండి. చాలా రకాల పొరల్లో చిల్లు ఉన్నచోట ముదురు రంగు చుక్క కనిపిస్తుంది. ఆల్కహాల్‌కు మంట అంటుకునే గుణం ఉంది, కిటికీలు తెరిచి, నిప్పుకు దూరంగా చేయండి.

మిగతా రకాలకు: చీకటి గదిలో కాలి లోపల టార్చి వేసి బయటినుంచి వెలుగు చుక్కలు వెతకండి. కనిపించకపోతే పై అంచు చుట్టి మూసి, గాలి నింపి, సబ్బు నీళ్లు రాయండి. బుడగ లేచిన చోటే చిల్లు. నియోప్రీన్‌లో వెలుగు కనిపించదు, దానికి సబ్బు నీళ్లే దారి.

చిల్లు చుట్టూ పెన్నుతో గీత గీసి, శుభ్రం చేసి, పూర్తిగా ఆరనివ్వండి. గాలి ఆడే రకానికి, నియోప్రీన్‌కి వంగినా పగలని యురెథేన్ జిగురు వాడండి. పీవీసీకి పీవీసీ జిగురు, రబ్బరుకి ట్యూబు ప్యాచ్. సూది చిల్లుకి జిగురు చుక్క చాలు. చిరుగు పొడవుగా ఉంటే లోపలి నుంచి ముక్క అంటించి, దాని అంచులు దాటి జిగురు పూయండి. జిగురు ట్యూబు మీద రాసి ఉన్నంతసేపు కదపకుండా ఆరనివ్వండి. సాయంత్రం అంటించి తెల్లారే నీళ్లలోకి దిగడం వల్లనే సగం మరమ్మతులు నిలవవు.

ఒకే కుట్టు మళ్లీ మళ్లీ విడిపోతుంటే జిగురు పొరలు పెంచకండి. ఐదో అంశంలోని కొలతలు మళ్లీ తీసి, మీ జత సైజుతో పోల్చి చూడండి. జత మీకు చిన్నదని తేలితే దాన్ని మీకంటే చిన్న మనిషికి ఇచ్చేయండి, వాళ్ల దగ్గర అది ఇంకా చాలాకాలం పనికొస్తుంది. కొలత సరిగ్గానే ఉండి, కాలి పొడవునా టేపు పొలుసులుగా లేస్తుంటే మాత్రం జిగురుకి, సమయానికి ఖర్చు పెట్టడం ఆపి, కొత్త జత చూసుకోండి.